అద్దం మీద కొట్టకండి



మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘ పెద్దల్లో ఒకాయన మమ్మల్ని వేపచెట్టు కిందికి పిలిచి నెమ్మదిగా అడిగారు. ‘‘అయ్యగారూ, సండేస్కూల్లో బెత్తం తీసేశారంట గదా. అట్టయితే పిల్లలు మాట వింటారా?’’ ఆయన మనసులో చెడ్డ ఉద్దేశమేమీ లేదు. ముగ్గురు పిల్లల్ని బెత్తంతోనే పెంచి, ముగ్గుర్నీ ఉద్యోగాల దాకా తీసుకొచ్చిన మనిషి. ఆయనకి అక్కడికక్కడ జవాబు చెప్పలేకపోయాం. ‘‘మా ఇంట్లో చేపలున్నాయి గదండీ, వాటివల్ల తీసేశాం’’ అంటే నవ్వుతారు. కానీ నిజం అదే. అందుకని ఈ వారం వాక్యధ్యానం బదులు ఆ సంగతే రాస్తున్నాం. కొంచెం పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

మా పార్సనేజిలో వరండా దాటగానే ముందుగదిలో రెండడుగుల అద్దాల తొట్టి ఉంది. సంఘంలో ఒక కుటుంబం హైదరాబాదు వెళ్ళిపోతూ, అంత దూరం దాన్ని మోసుకెళ్ళలేక మాకు అప్పగించింది. నాలుగు గోల్డ్ ఫిష్‌లు, గాలి బుడగలు వదిలే చిన్న మోటారు, అడుగున గులకరాళ్ళు. పల్లెటూరి పాస్టరు ఇంటికి జనం ఏమేమి తెచ్చిపెడతారో మీకు తెలుసు. తొలికోత మిరపకాయలు, బర్రె ఈనితే జున్నుపాలు, సంక్రాంతికి కొత్త బియ్యం. చేపలు రావడం అదే మొదలు.

మొదటి రెండు వారాలు ఆ చేపల్ని మేము చూసింది తక్కువ. గదిలో ఎవరు అడుగుపెట్టినా నాలుగూ ఒక్కసారే మోటారు వెనక మూలకి దూరేవి. మేత వేస్తే తేలుతూ అట్లాగే ఉండిపోయి, నాని, నీళ్ళు మసకబారేవి. పైకి రప్పిద్దామని మేము చెయ్యని పని లేదు. అద్దం మీద వేలితో టకటకా కొట్టాం. చీకట్లో ఉన్నట్టుండి లైటు వేశాం. నీళ్ళలో చెయ్యి పెట్టి మూలలోంచి అదిలించాం. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ అదే పని. ‘‘వీటికి మనం నచ్చలా’’ అని మా ఇంట్లోవాళ్ళు తేల్చేశారు.

గుంటూరులో చేపల మేత అమ్మే కుర్రాడొకడు, మేము చెప్పిందంతా విని, అడిగాడు: ‘‘అద్దం మీద కొడుతున్నారా సార్?’’ కొడుతున్నామన్నాం. ‘‘ముందు అది మానెయ్యండి.’’

తర్వాత చదివి తెలుసుకున్నాం. చేప ఒంటికి రెండు పక్కలా తల దగ్గర్నుంచి తోకదాకా సన్నటి గీతలాంటిది ఉంటుంది. నీళ్ళలో చిన్న కదలిక వచ్చినా దానికి తెలిసేది ఆ గీతతోనే. పైగా గోల్డ్ ఫిష్ జాతికి వినికిడి కూడా ఎక్కువ. లోపలి గాలితిత్తి నుంచి చెవి దాకా చిన్నచిన్న ఎముకల వరస ఉండి శబ్దాన్ని మోసుకెళ్తుంది. కనురెప్పలు లేవు, కాబట్టి వెలుతురు మీద పడితే కళ్ళు మూసుకోలేదు. మనకి వేలితో కొట్టిన చిన్న చప్పుడు. దానికి, మనం మంచం మీద పడుకుని ఉండగా ఎవరో తలుపు మీద రోకలితో బాదినట్టు. మేము పిలుపు అనుకున్నది వాటికి దాడి.

ఆ కుర్రాడు చెప్పిన వైద్యం చాలా చిన్నది. దాక్కోవడానికి చోటివ్వండి. రోజూ ఒకే వేళకి, ఒకే మనిషి, చిటికెడు మేత వెయ్యండి. వేసి తప్పుకోకుండా కాసేపు కదలకుండా కూర్చోండి. వస్తే రానివ్వండి, రాకపోతే మిగిలిన మేత తీసేసి లేచిపోండి. ఇంతే. పగిలిన కుండలో సగం పెంకు బోర్లించి లోపల పెట్టాం. దాక్కునే చోటిస్తే ఇంకా దాక్కుంటాయి గదా అని మాకు అనుమానం. జరిగింది తలకిందులు. పరిగెత్తడానికి చోటుందని తెలిశాక బయటికి రావడం మొదలుపెట్టాయి. ఇంకో మాట కూడా చెప్పాడు: మనుషులకి అలవాటుపడిన చేపనొకదాన్ని వాటి మధ్య వదలమని. కొట్లో ఉన్న పెద్దదాన్ని అరువిచ్చాడు కూడా. దాన్ని కవరుతోనే పావుగంట పైగా తొట్టి నీళ్ళమీద తేలనిచ్చి, వేడి సమానమయ్యాక వదిలాం. అది బెదరకుండా పైకొచ్చి మేత తింటుంటే, మిగతావి పెంకు కిందనుంచి చూసేవి. మూడో వారం ఒకటి వచ్చింది. నెలన్నరకి అన్నీ వచ్చాయి. ఇప్పుడు మా చెప్పుల చప్పుడు గడప దగ్గర వినపడితే చాలు, అద్దం దగ్గర బారులు తీరతాయి.

ఇక్కడ మాకు సిగ్గు కలిగించిన విషయం ఒకటుంది. సోమవారం నుంచి శనివారం దాకా లుంగీ, బనీనుతో వెళ్తే ముందుకొచ్చే చేపలు, ఆదివారం పొద్దున తెల్లబట్టల్లో వెళ్తే కుండపెంకు కిందికి పోయేవి. పాస్టరు తెల్లబట్ట చూస్తే పారిపోయేది మనుషులే అనుకున్నాం ఇన్నాళ్ళూ!

ఇది ఒట్టి ముచ్చట కాదు. జర్మనీ పరిశోధకులు కోర్సికా ద్వీపం దగ్గర సముద్రంలో దీన్నే పరీక్షించి 2025లో ప్రచురించారు. మేత పెట్టే ఈతగత్తె వెంట పడటానికి సముద్రపు చేపలు అలవాటుపడ్డాయి. మేత పెట్టని ఇంకో మనిషి పక్కనే ఈదుతున్నా, పెట్టినామె వెంటే వెళ్ళాయి. ఇద్దరూ అచ్చంగా ఒకేలాంటి దుస్తులు వేసుకునేసరికి తేడా పట్టుకోలేకపోయాయి. అంతకు ముందు 2016లో, నోటితో నీళ్ళు చిమ్మి పురుగుల్ని పడగొట్టే ఒక జాతి చేపకి తెరమీద మనుషుల ముఖాలు చూపించారు. నేర్పిన ఒక ముఖాన్ని నలభై నాలుగు కొత్త ముఖాల మధ్య కూడా గుర్తుపట్టి దానిమీదే నీళ్ళు చిమ్మింది. నూటికి ఎనభై సార్ల పైన తప్పు లేకుండా. చేపకి మూడు క్షణాలే జ్ఞాపకమని పిల్లలకి కథలు చెప్పేవాళ్ళం గదా, అది మానుకోవాలి. మేలు చేసిన చెయ్యి ఏదో కీడు చేసిన చెయ్యి ఏదో దానికి గుర్తుంటుంది.

ఇక ఆ పాప సంగతి.

మా వైపు మిరపకోతలు జనవరిలో ఊపందుకుంటాయి. కర్నూలు పడమటి మండలాల నుంచి, ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలే లారీల్లో, ట్రాక్టర్లలో దిగుతాయి. వానలు లేని ఊళ్ళవాళ్ళు. చేల గట్లమీద టార్పాలిన్ గుడారాలు. పెద్దవాళ్ళు కోతకి పోతే పసిపిల్లల్ని చూసే పని ఏడెనిమిదేళ్ళ పిల్లలది. ఆ పాప అట్లాంటిదే. చంకలో రెండేళ్ళ తమ్ముణ్ణి వేసుకుని, మందిరం ఆవరణలో బోరింగు దగ్గరికి నీళ్ళకి వచ్చేది. సండేస్కూలుకి రమ్మన్నాం. వచ్చింది. గుమ్మం దగ్గరే కూర్చునేది. ఒక కాలు బయటే ఉండేది.

మూడో ఆదివారం కంఠతా వాక్యాలు అప్పజెప్పించుకుంటున్నాం. ఆ పాప వంతు వచ్చింది. లేవలేదు. లెమ్మన్నాం. తల వంచుకుంది. అప్పుడు బెత్తం లేచింది. కొట్టడానికి కాదు. ఈ మాట ఎన్నిసార్లు అనుకున్నామో, ‘కొట్టడానికి కాదు గదా’ అని. బల్ల మీద ఒక్క దెబ్బ, అందరి దృష్టీ తిప్పడానికి. ఆ చప్పుడుకి ఆ పిల్ల కూర్చున్నచోటే గౌను తడుపుకుంది. మిగతా పిల్లలు నవ్వారు. అది లేచి పరిగెత్తింది. తమ్ముణ్ణి కూడా వదిలేసి పరిగెత్తింది.

ఆ తమ్ముణ్ణి ఎత్తుకుని గుడారానికి వెళ్ళినప్పుడు తల్లి చెప్పింది. ఇంకో సంవత్సరం ఇంకెక్కడో, పత్తి తీతకి పోయినప్పుడు, ఒక చేలో ఎవరో పిల్ల వీపు మీద కర్ర విరిగేట్టు కొట్టారట. ఎందుకో తల్లికీ సరిగ్గా తెలియదు. ఆ రోజు నుంచి కర్ర చప్పుడైతే అంతేనట.

రాత్రి మేత వేసే వేళకి తొట్టి దగ్గర కూర్చున్నాం. మూడు నెలలుగా అద్దం మీద ఎవరు వేలు పెట్టినా ‘కొట్టకండి, బెదురుతాయి’ అని కసురుకుంటున్న మనుషులం మేము. చేప పట్ల నేర్చుకున్నది మనిషి పిల్ల పట్ల గుర్తురాలేదు.

మా పెద్దాయన తప్పక అడగబోయే ప్రశ్న మాకు తెలుసు. సామెతల గ్రంథంలో బెత్తం ఉంది గదా? ఉంది. 13వ అధ్యాయంలో ఉంది, 22లో ఉంది, దాచిపెట్టుకోం. కానీ పిల్లలు విసిగి మనసు కుంగిపోయేలా చెయ్యొద్దని పౌలు తండ్రులకి రాసింది కూడా అదే బైబిల్లో ఉంది, కొలొస్సయి 3లో. 23వ కీర్తనలో కాపరి చేతి కర్ర గొర్రెకి ఆదరణ. ఎందుకు ఆదరణ అంటే, అది తోడేలు మీదికి లేచేది గనక. గొర్రెలకాడ పుట్టి పెరిగినవాళ్ళని అడగండి, కర్ర మందని అటూ ఇటూ మళ్ళిస్తుంది, వాగు దగ్గర అడ్డం పెడుతుంది. గొర్రె కళ్ళముందు గాల్లో ఊపితే మంద చెదిరిపోతుంది. బెత్తాన్ని గురించి ఒక్క వచనం పట్టుకుని, మార్కు 10లో చిన్నపిల్లల్ని తోలేసిన శిష్యుల మీద ప్రభువు కోప్పడ్డ సంగతి వదిలేస్తే, మనం సగం బైబిలే చదివినట్టు.

‘భయముంటేనే భక్తి’ అంటారు. మా అమ్మమ్మలు అన్నారు, మేమూ అన్నాం. మన తెలుగు బైబిల్లో ‘భయభక్తులు’ అని జంటగా ఉంది. సెమినరీలో నేర్చుకున్న కాస్త హెబ్రీని బట్టి చెప్తున్నాం, మూలంలో అది ఒక్కటే మాట, యిరా. మన అనువాదకులు ఆ ఒక్క మాటకి రెండు పెట్టారు. ఎందుకు పెట్టారో తొట్టి ముందు కూర్చున్నప్పుడు మాకు తోచింది. ఒట్టి ‘భయం’ అని రాస్తే మన జనం దాన్ని ‘బెదురు’ అని చదువుతారు. బెదురు వేరు. బెదిరిన గొడ్డు అంటాం, భయమున్న గొడ్డు అనం. ఒంగోలు జాతి గిత్తని పెంచేవాళ్ళు మా సంఘంలో ఉన్నారు. దూడగా ఉన్నప్పట్నుంచి రోజూ గంగడోలు నిమురుతారు, పేరు పెట్టి మాట్లాడతారు, ఒకే మనిషి కుడితి పెడతాడు. అంత బలమున్న జంతువు, కుమ్మితే మనిషి మిగలడు, చిన్న పిల్లాడు తాడు పట్టుకుంటే వెంట నడుస్తుంది. అది బెదురుతో నడిచే నడక కాదు. బెదురు గొడ్డయితే ఎవరూ కొనరు, సంతలో సగం ధర కూడా పలకదు. దేవుడు మన దగ్గర కోరేది ఆ గిత్త నడకనే గాని, మోటారు వెనక దూరిన చేప వణుకుని కాదు. ఏదెను తోటలో పాపం చేశాక ఆదాము చేసింది ఆ చేప పనే. చెట్ల చాటుకి పోయాడు. దేవుడు చెట్లని నరికి వాణ్ణి బయటికి లాగలేదు. ఎక్కడున్నావని అడిగాడు.

ఆదికాండము 9లో, జలప్రళయం దిగిపోయాక, మనిషంటే జంతువులకీ పక్షులకీ సముద్రపు చేపలకీ కూడా భయం పుడుతుందని ఉంటుంది. దాన్ని మేము ఎన్నోసార్లు మనిషి గొప్పతనంగా బోధించాం. ఇప్పుడు చదివితే అది నష్టం లెక్కలా కనబడుతోంది. అంతకు ముందు 2వ అధ్యాయంలో జంతువుల్నీ పక్షుల్నీ దేవుడు ఆదాము దగ్గరికి తెచ్చాడు, పేర్లు పెట్టించాడు. అక్కడ చేపల ప్రస్తావన లేదు. అవి మన దగ్గరికి రావడం ఇంకా బాకీ ఉందేమో అని మా ఇంట్లోవాళ్ళు అన్నారు. ఇది వేదాంతంగా తీసుకోకండి, వంటింటి మాట.

నమ్మకం అనేది ఒక ఊరు ఊరంతా కలిసి సంపాదించుకోగలదా? గుంటూరుకి దగ్గర్లోనే, పెదకాకాని మండలంలో ఉప్పలపాడు ఉంది. వెళ్ళనివాళ్ళు ఒకసారి పిల్లల్ని తీసుకుని వెళ్ళండి. ఊరి చెరువులో ఉన్న చెట్ల మీద పెలికాన్‌లు, రంగుల కొంగలు వందలకొద్దీ గూళ్ళు పెట్టుకుని ఉంటాయి. పక్కనే ఇళ్ళు, మోటారు సైకిళ్ళు, బర్రెలు, బడి పిల్లలు. ఆ పక్షులకి అక్కడ ఎవరూ మేత వెయ్యరు. మేత కోసం చుట్టుపక్కల చెరువులకీ కాలవలకీ అవే ఎగిరిపోతాయి, సాయంత్రానికి తిరిగొస్తాయి. ఊరివాళ్ళు ఇచ్చింది ఒక్కటే. వాటి జోలికి పోకపోవడం, ఇంకొకణ్ణి పోనివ్వకపోవడం. ఒక్క మనిషి తుపాకీ పట్టుకొస్తే, ఒక్క కుర్రాడు వడిసెలతో దిగితే చెడిపోయే పని అది. ఏళ్ళ తరబడి ఊరంతా చేతులు కట్టుకుని నిలబడితేనే నిలిచింది. యిర్మీయా 8లో సంకుబుడి కొంగకి తన కాలం తెలుసని ప్రవక్త అంటాడు. ఆ రంగుల కొంగ దాని చుట్టమే. కాలం తెలిసినట్టే, ఏ ఊళ్ళో దిగాలో కూడా దానికి తెలుసు.

మన మందిరాల గురించి ఈ ప్రశ్న అడుక్కుంటే మాకు గుండె జారుతుంది. పన్నెండు మంది మంచిగా ఉండి, ఒక్కరు గుమ్మం దగ్గర నిలబడి, చీర చూసి, కులం అడిగి, ‘ఆ వెనక కూర్చో’ అంటే, ఆ మనిషి ఆ చెరువు మీద ఇంక వాలడు.

ఇంతకీ చేపలు మన దగ్గరికి వచ్చేది ప్రేమతోనా, మేత కోసమా? మేత కోసమే. బుకాయించడం ఎందుకు. ఈ మాట మాత్రం మన జనానికి ముల్లులా గుచ్చుకుంటుంది. పాలపొడికీ గోధుమనూకకీ మతంలో కలిశారని మన తాతల్ని వెక్కిరించినవాళ్ళ మాట ఇంకా మన చెవుల్లో ఉంది. అందుకే ఒంగోలు కథ ఒకటి గుర్తుచేస్తాం. 1876 నుంచి 1878 దాకా ఈ నేలమీద గొప్ప కరువు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో చస్తున్న వేలమందికి కూలి ఇప్పించారు. పని ఆగినప్పుడు బోధకులు ఆ కూలీల మధ్యే కూర్చుని ప్రభువు మాట చెప్పేవాళ్ళు. జనం బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఇవ్వలేదు. అన్నం చెయ్యి చూసి వస్తున్నారో, అన్నం పెట్టినవాణ్ణి చూసి వస్తున్నారో తేలేదాకా ఆగారు. కరువు పని అయిపోయింది, కూలి ఆగింది, పంచిపెట్టడానికి ఏమీ లేదు. అప్పుడు వచ్చారు. 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నీళ్ళలో, ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఈ లెక్కని మన సభల్లో సంఖ్య కోసం చెప్తారు. మాకు ఆ సంఖ్య కన్నా ముందున్న నెలలు పెద్దవిగా కనిపిస్తాయి. అడిగినవాళ్ళకి కూడా ఆగమని చెప్పగలిగిన నెలలు. ఇవాళ మనం మూడు రోజుల సభ పెట్టి మూడో రోజు చేతులెత్తించి, ఫోటో తీసి, నివేదిక పంపించకపోతే నిద్రపట్టదు. మేము కూడా పంపాం అట్లాంటి నివేదికలు. మేత మొదట మేతే. చేప ముందు దానికోసమే వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఏ కీడూ జరగకపోతే, ఒకరోజు మేత లేకపోయినా అద్దం దగ్గరికి వచ్చి నిలబడుతుంది. ఆ రోజుని మనం తొందరపెట్టలేం. తిబెరియ సముద్రపు ఒడ్డున బొగ్గుల మంట మీద చేపలు కాల్చి, బోంకిన పేతురుకి ముందు కడుపునిండా పెట్టి, తిన్న తర్వాతే ప్రభువు ఆ ప్రశ్న అడిగాడు. అదీ మూడుసార్లు, గొంతు పెంచకుండా.

అయితే ఇందులో ఒక ప్రమాదం ఉంది, అది రాయకపోతే మేము అబద్ధికులం. కోడికి గింజలు చల్లి బా బా అని పిలిచే చెయ్యే ఒకరోజు దాన్ని కోస్తుంది. ఎర కూడా మేతే. పిల్లలకి మిఠాయిలిచ్చి, మంచిగా మాట్లాడి, చేరదీసి, తర్వాత వాళ్ళని పాడుచేసిన మనుషులు లోకంలోనే కాదు, సంఘాల్లోనూ ఉన్నారు. పిల్ల మనకి అలవాటుపడటం మన మంచితనానికి సర్టిఫికెట్టు కాదు. అందుకని మేము కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. ముందుగది తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పిల్లలతో పెద్దవాళ్ళు ఇద్దరు ఉండాల్సిందే, ఒక్కరే ఉండకూడదు. పాస్టరుకి కూడా మినహాయింపు లేదు. మమ్మల్ని అనుమానించినట్టు అవుతుందని కొందరు మొహమాటపడ్డారు. అనుమానించండి. 2012 పోక్సో చట్టం ప్రకారం, పిల్లల మీద అట్లాంటి నేరం జరిగిందని తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమే. అది ప్రతి సండేస్కూలు టీచరుకీ తెలిసి ఉండాలి. ఇక బెత్తం సంగతి అంటారా, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడుల్లో పిల్లల్ని కొట్టడాన్నీ, మనసు నొప్పించి వేధించడాన్నీ రెండిట్నీ నిషేధించింది. సోమవారం సర్కారు బడిలో చెయ్యకూడని పని ఆదివారం దేవుని ఇంట్లో ఎట్లా చేస్తాం?

ఆ పాప మూడు వారాలు రాలేదు. మేము గుడారానికి వెళ్ళి బతిమాలలేదు. నిజం చెప్పాలంటే ఒకసారి వెళ్ళాం, మమ్మల్ని చూసి మిరప మొక్కల్లోకి పోయింది, ఇంక మానుకున్నాం. ముందు వచ్చింది తమ్ముడు. బోరింగు దగ్గర నుంచి తప్పటడుగులు వేసుకుంటూ తెరిచిన తలుపులోంచి లోపలికి వచ్చి తొట్టి దగ్గర నిలబడ్డాడు. వాడి కోసం అది వచ్చింది. మా ఇంట్లోవాళ్ళు కూరగాయలు తరుగుతూ తలెత్తలేదు. మేము పేపరు తిప్పలేదు, చప్పుడవుతుందని. మర్నాడు అదే వేళకి మళ్ళీ వచ్చారు. వారం తర్వాత చిన్న స్టీలు స్టూలు ఒకటి తొట్టి పక్కన పెట్టి, మేము అవతలి గదిలోకి పోయేవాళ్ళం. పదో రోజో పన్నెండో రోజో మేత డబ్బా స్టూలు మీద వదిలేశాం. చిటికెడే వేసింది. ఎవరూ చెప్పలేదు, మేము వెయ్యడం చూసి ఉంటుంది.

ఒక సాయంత్రం వెనక నుంచి మాట వినపడింది. ‘‘సా, ఈ సేప నన్నే సూస్తాంది.’’ మాకు జవాబు దొరకలేదు. ‘‘అవునమ్మా’’ అన్నామంతే.

వాక్యం కంఠతా పట్టిందా అంటే, లేదు. సాక్ష్యం చెప్పిందా అంటే, లేదు. గుమ్మం దగ్గర నుంచి రెండో వరసకి వచ్చింది, రెండు కాళ్ళూ లోపల పెట్టుకుని కూర్చుంది. మట్టల ఆదివారానికి ముందే కోతలు అయిపోయి వాళ్ళ లారీ వెళ్ళిపోయింది. పొద్దున్నే వెళ్ళారు, మాకు చెప్పే తీరిక దొరికి ఉండదు. ఈ ఏడు మిరప ధర చూసి మా రైతులు చాలామంది సాగు తగ్గించారు. కూలీలు వేరే ఊళ్ళకి పోతారో, ఇటే వస్తారో జనవరిలో గాని తెలియదు. స్టూలు అక్కడే ఉంది. నీళ్ళు మార్చే శనివారం ఒక్కటే దాన్ని పక్కకి జరుపుతాం.

పెద్దాయనకి మా జవాబు ఇదీ. బెత్తం ఎక్కడుందని కూడా అడిగారు గదా. పెరట్లో చిక్కుడు పాదుకి ఊతంగా గుచ్చాం. వచ్చే శనివారం సాయంత్రం సంఘ కమిటీలో దీన్ని గురించి మాట్లాడుకుందాం, ఒప్పుకోనివాళ్ళు తప్పకుండా రండి. టీ మా ఇంట్లోనే. పిల్లల్ని కూడా తీసుకురండి. మేత డబ్బా కిటికీ అరలో ఉంటుంది, ఒక్కొక్కరికి ఒక్క చిటికెడు. ఎండలు ముదిరాయి, వేడినీళ్ళలో వాటికి గాలి చాలదు, ఎక్కువ వేస్తే నీళ్ళు పాడయి చచ్చిపోతాయి.